నాలుగు కోట్ల పాటల్లో మా నానీమా పాట లేదు

2019 ఫిబ్రవరి 27 సాయంత్రం మా ఇంట్లో రెండు తెరలు వెలుగుతున్నాయి. హాల్లో టీవీ. అంతకు ముందురోజే బాలాకోట్ మీద మన విమానాలు దాడి చేశాయి. ఆ రోజేమో మన పైలట్ అవతలి వాళ్ల చేతికి చిక్కాడు. యాంకర్లందరూ గొంతు చించుకుంటున్నారు. మా బేగం తస్బీ తిప్పుతూ, ఆ పిల్లాడు సలామత్‌గా ఇల్లు చేరాలని దువా చేస్తోంది. పక్క గదిలో మా పెద్దమ్మాయి ఫోన్ పట్టుకుని కూర్చుంది. 'అబ్బూ, స్పాటిఫై వచ్చేసింది!' అని కేక పెట్టింది.

బాలాకోట్ దాడి జరిగిన తేదీనే, ఫిబ్రవరి 26న, స్వీడన్‌కు చెందిన ఈ పాటల కంపెనీ మన దేశంలో దుకాణం తెరిచింది. ఇత్తెఫాఖ్ అంతే, రెండింటికీ ఏ సంబంధమూ లేదు. కానీ ఆ సాయంత్రం ఒకే ఇంట్లో రెండూ నడుస్తుంటే నా మనసులో కొన్ని సవాళ్లు లేచాయి. అవి మీ ముందు పెడదామని ఈ నాలుగు మాటలు.

ముందే ఒక వజాహత్. మౌసీఖీ జాయజా, నాజాయజా అనే బహస్ నేనిక్కడ చేయబోవడం లేదు. అందులో ఉలమాల మధ్యే ఇఖ్తిలాఫ్ ఉంది. అది నా స్థాయి కాదు. సమా వినే చిష్తీ దర్గాలూ మనవే, వాయిద్యం వినపడితే కిటికీ మూసే ఇళ్లూ మనవే. మా కడపలోనైతే ఈ రెండు రకాల ఇళ్లూ ఒకే గల్లీలో ఎదురెదురుగా ఉంటాయి. కానీ ఒకటి మాత్రం ఒప్పుకుందాం. కిటికీ మూసే ఇంట్లో కూడా పిల్లల చేతిలో ఫోన్ ఉంది. ఆ ఫోన్లోకి ఏం వస్తోంది, దాని వెనక ఎవరి లాభం, ఎవరి నుఖ్సాన్ ఉందో తెలుసుకోవడం వినేవాళ్లకూ వినని వాళ్లకూ జరూరే.

మంచిని మంచి అనాలి

స్పాటిఫైని 2006లో స్టాక్‌హోంలో డేనియల్ ఎక్, మార్టిన్ లోరెంట్‌జోన్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. జనం చేతికి వచ్చింది 2008లో. అప్పట్లో ఆ దేశం పాటల దొంగతనానికి పేరుమోసింది. పైరేట్ బే పుట్టిన గడ్డ అది. జనం డబ్బు కట్టరు, దొంగతనం ఆపరు. అలాంటప్పుడు దొంగతనం కంటే సులువుగా, చట్టబద్ధంగా పాట అందిస్తే? ఈ ఖయాల్ మీదే కంపెనీ నిలబడింది. 2018లో న్యూయార్క్ స్టాక్ మార్కెట్ దాకా వెళ్లింది. 2018 ఆఖరుకు నెలకు 20 కోట్లకు పైగా జనం వింటుంటే, అందులో 9 కోట్ల 60 లక్షల మంది డబ్బు కట్టి వింటున్నారు.

2019లో మన దగ్గర ధర నెలకు 119 రూపాయలు ఉండేది. రోజుకు 13, వారానికి 39 కట్టినా సరిపోయేది. ఏమీ కట్టకపోయినా మధ్యమధ్యలో ఇష్తెహార్లు వింటూ కావలసిన పాట పెట్టుకోగలిగేవాళ్లం. అప్పటికి నాలుగు కోట్ల పాటలట! వారం తిరగకముందే పది లక్షల మంది చేరారు. గానా, జియోసావన్, వింక్ లాంటివి ఇక్కడ అప్పటికే ఉండేవి. 2016లో జియో వచ్చి డేటా ధర నేలమీదికి దించాక, పాట వినడానికి డబ్బు ఖర్చవుతుందన్న సంగతే మన పిల్లలు మరచిపోయారు.

నేను మరచిపోలేదు. మా రోజుల్లో పాట సంపాదించడం ఒక పని. కడపలో క్యాసెట్ల దుకాణం భాయ్ దగ్గరికి కాగితం మీద పాటల పేర్లు రాసుకుని వెళ్లేవాళ్లం. 60 నిమిషాల ఖాళీ క్యాసెట్‌లో రెండు వైపులా నింపి ఇచ్చేవాడు. వారం పట్టేది. 'ఈ ఫెహ్రిస్త్‌లో తలత్ మహమూద్ లేడేంట్రా?' అని కోప్పడి, మనం అడగని పాట ఒకటి తనే వేసి ఇచ్చేవాడు. ఇప్పుడు అదే పని యాప్ చేస్తోంది. మనం విన్నది గమనించి, ఇది కూడా వినండి అంటోంది. భాయ్‌కీ యాప్‌కీ తేడా ఒక్కటే. భాయ్ ఎందుకు వేశాడో అడిగితే చెప్పేవాడు.

తర్వాత ఎంపీ3 సీడీలు వచ్చాయి. ఆ తర్వాత మొబైల్ షాపులో పది, ఇరవై ఇస్తే మెమరీ కార్డు నిండా పాటలు. అదంతా చోరీ మాలే. మనలో చాలామందిమి తెలిసో తెలియకో అదే విన్నాం. నమాజ్ చదివే ఇళ్లలోనే చోరీ మాల్ మీద నాత్‌లు విన్నాం! దానితో పోలిస్తే ఈ కొత్త దుకాణం హలాల్ సౌదా. కాబట్టి పిల్లలు ఇది పెట్టుకుంటామంటే నేను మనా చేయను. మా అమ్మాయిని కూడా చేయలేదు.

షికాయతు వేరే ఉంది.

ఉర్దూ ఎక్కడ?

ఆరంభంలో పాటల సిఫారసుల కోసం ఎంచుకోమని ఈ కంపెనీ ముందుపెట్టిన మన భాషలు నాలుగు. హిందీ, పంజాబీ, తమిళం, తెలుగు. తెలుగు చూసి నా గుండె ఉప్పొంగింది. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ని. నా రోటీ తెలుగు పెడుతోంది. కానీ నన్ను పెంచిన జుబాన్ ఆ జాబితాలో లేదు.

2011 జనగణన ప్రకారం దేశంలో ఉర్దూ మాతృభాషగా రాయించినవాళ్లు 5 కోట్ల పైచిలుకు. పంజాబీ రాయించినవాళ్లు 3 కోట్ల 31 లక్షలు. పంజాబీ ఉండటం మీద నాకు ఏ ఏతరాజూ లేదు, ఉండాల్సిందే. మరి ఐదు కోట్ల మంది జుబాన్ ఏమైనట్టు? 2017 నవంబరులో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష చేసింది. సర్కారు దఫ్తర్లో దొరికిన జాగా పాటల దుకాణంలో దొరకలేదు.

'ఉర్దూ పాటలన్నీ హిందీలోనే ఉన్నాయి కదా అబ్బూ' అంది మా అమ్మాయి. నిజమే, దర్దు అక్కడే ఉంది. సాహిర్ లుధియాన్వీ, మజ్రూహ్ సుల్తాన్‌పురీ, షకీల్ బదాయునీ, కైఫీ ఆజ్మీ. వీళ్లంతా ఏ లిపిలో రాసుకున్నారు? ఏ ముషాయిరాల్లో పండారు? వాళ్ల కలాం ఇప్పుడు ఏ పెట్టెలో ఉంది?

మన ఇంటి మిసాలే తీసుకోండి. మఖ్దూం మొహియుద్దీన్ మెదక్ జిల్లాలో పుట్టినవాడు. హైదరాబాద్ శాయర్, కార్మిక నాయకుడు. ఆయన గజల్‌ను 1982లో 'బాజార్' సినిమాలో వాడుకున్నారు. సంగీతం ఖయ్యాం. లతా మంగేష్కర్‌తో కలిసి పాడింది తలత్ అజీజ్, ఆయనా హైదరాబాదీనే. సినిమా కథ కూడా హైదరాబాద్‌దే, మన గరీబు ఆడపిల్లల నికాహ్‌ల వ్యాపారం మీద. శాయర్ తెలంగాణ, గాయకుడు తెలంగాణ, కథ తెలంగాణ, జుబాన్ ఉర్దూ. దుకాణంలో మాత్రం అది 'హిందీ' సరుకు. ఇరవై ఏళ్ల పిల్ల దాన్ని విని మురిసిపోతుంది, తన పరదాదాల గల్లీ పాట అని మాత్రం ఆమెకు తెలియదు.

ఇందులో ఎవరి సాజిష్ ఉందనీ నేను అనను. స్టాక్‌హోంలో కూర్చుని డబ్బాల మీద పేర్లు రాసేవాడికి బొంబాయి సినిమా అంటే హిందీ, అంతే. సాజిష్ కంటే బేఖబరీ ఎక్కువ హాని చేస్తుంది. సాజిష్‌తో పోట్లాడవచ్చు, బేఖబరీకి మనమే వెళ్లి చెప్పాలి.

రాసినవాడి పేరు

రేడియో విన్న తరానికి నేను చెప్పక్కర్లేదు. వివిధ్ భారతిలో పాట వేసే ముందు పాడినవారు, రాసినవారు, సంగీతం కట్టినవారు, మూడు పేర్లూ చెప్పేవారు. అమీన్ సయానీ సాహెబ్ గొంతులో ఆ పేర్లు వినీ వినీ, చదువురాని మా అమ్మీకి కూడా షకీల్ ఎవరో, హస్రత్ ఎవరో తెలుసు. గీత్‌కార్ పేరు వినడమే మాలో చాలామందికి ఉర్దూ అదబ్ మొదటి సబఖ్.

ఫోన్లో పాట పెడితే పాడినవాడి పేరు కనిపిస్తుంది, సినిమా పోస్టర్ కనిపిస్తుంది. రాసినవాడి పేరు కావాలంటే వెతుక్కోవాలి. చాలా యాప్‌లలో వెతికినా దొరకదు. ఇదేదో చిన్న సంగతి అనుకోకండి. పేరు లేకపోతే హఖ్ లేదు. 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామోఫోన్ కంపెనీకి పాడినప్పుడు, పాట చివర తన పేరు తనే పలికేది. రికార్డులు జర్మనీలో తయారయ్యేవి, అక్కడివాళ్లకు ఏ పాట ఎవరిదో తెలియాలి కదా! వందేళ్లకు పైగా కిందట పేరు పోకుండా చూసుకోవడానికి ఒక తవాయఫ్‌కు ఉన్న తెలివి, కోట్ల పాటలున్న దుకాణానికి లేకపోతే ఎలా?

2012 మేలో పార్లమెంటు కాపీరైట్ చట్టాన్ని సవరించింది. పాట రాసినవారూ స్వరం కట్టినవారూ నిర్మాతకు అన్నీ రాసిచ్చేసినా, రాయల్టీలో వాళ్ల హిస్సా వాళ్లదే అని ఆ సవరణ చెప్పింది. దాని కోసం రాజ్యసభలో జావేద్ అఖ్తర్ గట్టిగా నిలబడ్డారు. చట్టం వచ్చింది సరే, వినేవాడికి పేరే తెలియకపోతే హిస్సా అడిగేదెవరు?

మన డబ్బు ఎక్కడికి పోతుంది

దుకాణం వాళ్లకూ మాల్ ఇచ్చేవాళ్లకూ మధ్య ఝగడాలు మొదటి రోజు నుంచే ఉన్నాయి. లోకంలోని మూడు పెద్ద పాటల కంపెనీల్లో ఒకటైన వార్నర్‌తో స్పాటిఫైకి ఇక్కడ బేరం కుదరలేదు. వార్నర్ చాపెల్ వాళ్లు బొంబాయి హైకోర్టుకు వెళ్లారు. స్పాటిఫై కాపీరైట్ చట్టంలోని 31డి సెక్షన్ చూపించింది. ఇది కూడా ఆ 2012 సవరణలో వచ్చినదే. ప్రసార సంస్థ ఏదైనా నిర్ణీత రాయల్టీ కట్టి, యజమాని ఒప్పుకోకపోయినా పాట వేసుకోవచ్చని దాని సారం. రేడియోకి, టీవీకి సరే, ఇంటర్నెట్‌కూ అది వర్తిస్తుందా? తగాదా అంతా అక్కడే. కోర్టు ఆరంభాన్ని ఆపలేదు గానీ, ఆరున్నర కోట్లు డిపాజిట్ చేయమంది. పెద్దవాళ్ల ముఖద్దమా అది. వాళ్లకు వకీళ్లున్నారు.

మనకు కావలసింది చిన్నవాళ్ల లెక్క. ఈ కంపెనీ తన రాబడిలో సగానికి పైగా హక్కుదారులకే ఇస్తుంది. వినడానికి ఇన్సాఫ్‌గానే ఉంది. కానీ పంచే తరీఖా చూడండి. ఒక్కో పాటకు ఇంత అని కట్టిన రేటు లేదు. దేశంలో అందరి డబ్బూ ఒకే కుండలో పడుతుంది. నెలలో మొత్తం ఎన్నిసార్లు పాటలు మోగాయి, అందులో ఎవరి పాటల వాటా ఎంత అని చూసి పంచుతారు.

ఇంకా సులువుగా చెప్తాను. మన మొహల్లాలో వంద ఇళ్లవాళ్లు తలా 119 రూపాయలు చందా వేశారనుకోండి. మీరు నెలంతా హైదరాబాద్ వార్సీల ఖవ్వాలీ తప్ప ఇంకేమీ వినలేదు. మిగతా తొంభై తొమ్మిది ఇళ్ల పిల్లలు పొద్దున్నుంచి రాత్రి దాకా ఈ నెల హిట్ పాటలు మోగించారు. మీ 119 రూపాయలు ఖవ్వాల్‌కు చేరవు. చాలావరకు ఆ హిట్ పాటల కంపెనీకి పోతాయి, ఎందుకంటే కుండలో వాటా వాళ్లదే ఎక్కువ. మీరు కనీసం వినని పాటకు మీ జేబు నుంచి నజరానా వెళ్లిందన్నమాట.

దర్గాలో ఉర్సు రాత్రి చూడండి. మహ్ఫిల్‌లో ఎవరికైనా ఒక షేర్ గుండెకు తగిలితే లేచి వెళ్లి, పది రూపాయల నోటో వంద నోటో పట్టుకుని, అదబ్‌గా ముందుంచి వస్తాడు. ఎవరి పాటకు కదిలాడో ఆ పాటకే ఇచ్చాడు. మధ్యలో కుండ లేదు. వందల ఏళ్ల కిందటి ఈ రివాజ్ ముందు కొత్త కంపెనీ లెక్క నాకైతే వెనకబడిందే అనిపిస్తోంది. విన్నవాడి డబ్బు విన్న పాటకే చేరేలా పంచడం కంప్యూటర్లకు ముష్కిల్ పని కాదు. చేయాలన్న నీయత్ ఉండాలి.

కిరాయి ఇల్లు, సొంత ఇల్లు

ఇప్పుడు టీవీ తెర దగ్గరికి మళ్లీ వద్దాం.

ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు షహీద్ అయ్యారు. ఆ ఇళ్ల మాతం మనందరిదీ. ఆ తర్వాత రోజుల్లోనే బొంబాయిలో ఒక పార్టీ పాటల కంపెనీలను బెదిరించింది, పాకిస్తానీ గాయకులతో పనిచేయొద్దని. దేశంలోనే పెద్దదైన టీ-సిరీస్ తన యూట్యూబ్ ఛానెల్ నుంచి రాహత్ ఫతే అలీ ఖాన్, ఆతిఫ్ అస్లం పాటలను తీసేసింది. ఆ కంపెనీ మనది, పెట్టిన డబ్బు మనది, వాయించినవాళ్లు మనవాళ్లు. నిన్న రాత్రి ఉన్న పాట పొద్దున లేదు.

అదే వారం మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దాయన మెసేజ్ పెట్టారు. 'పిల్లల ఫోన్లలో ఆ దేశం వాళ్ల నాత్‌లు, ఖవ్వాలీలు ఉంటే తీసేయించండి. కాలం బాగోలేదు. బస్సులో, హాస్టల్లో ఎవరైనా చూస్తే అనవసరపు తంటా.' ఎవ్వరూ బహస్ చేయలేదు. ఇద్దరు ముగ్గురు 'జీ' అన్నారు. మా అమ్మాయి హైదరాబాద్ హాస్టల్లో ఉంటుంది, సెలవులకు ఇంటికి వచ్చింది. నేను ఆ మెసేజ్ ఆమెకు చూపించలేదు. చూపించాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను, అది మాత్రం నిజం. ఏ నేరమూ చేయని పిల్లకు, నీ ఫోన్లో పాటల ఫెహ్రిస్త్ ఒకసారి చూసుకో బేటీ అని ఏ బాప్ చెప్పగలడు?

సియాసత్ సంగతి పక్కన పెడతాను. దీన్నుంచి మనం నేర్చుకోవలసిన సబఖ్ ఒకటుంది. ఫోన్లో ఉన్న పాట మనది కాదు. మనం కిరాయిదార్లం. నెల కిరాయి కడితే ఉండనిస్తారు. కంపెనీల మధ్య తగాదా వస్తే, కోర్టు హుకుం వస్తే, సడక్ మీద నాలుగు జెండాలు లేస్తే, రాత్రికి రాత్రి గోడ మీద తస్వీర్ మాయమవుతుంది. నోటీసు కూడా ఇవ్వరు. క్యాసెట్ అలా కాదు. కొన్నాక ట్రంకు పెట్టెలో పడి ఉంటుంది. దాన్ని తీసెయ్యాలంటే ఎవడైనా మన ఇంటికి రావాలి.

అందుకే అంటున్నాను. కిరాయి ఇంట్లో ఉండటం ఐబు కాదు. కానీ పుర్ఖోంకి అమానత్‌ను కిరాయి ఇంట్లో దాచుకోకూడదు.

నానీమా క్యాసెట్

మా మామూ కువైట్ వెళ్లింది 1980ల్లో. కడప, రాయచోటి వైపు చాలా ఇళ్ల కథే ఇది. ఉత్తరం రాయడం మా నానీమాకు రాదు. మామూ పంపిన టూ-ఇన్-వన్‌లో ఖాళీ క్యాసెట్ పెట్టి మాట్లాడేది. ఆమె అటు, మామూ ఇటు. కడప నుంచి కువైట్‌కు, కువైట్ నుంచి కడపకు, వచ్చేవాళ్ల పోయేవాళ్ల సంచుల్లో ఆ క్యాసెట్లు తిరిగేవి. ఒక క్యాసెట్‌లో, మా ఖాలా షాదీ కబుర్లు చెప్తూ చెప్తూ, 'నువ్వు లేవు కదా బేటా, విను' అని, హల్దీ రోజు ఆడవాళ్లు పాడిన ఢోలక్ పాటలు పాడింది. వెనక మా అమ్మీ గొంతు. రోట్లో దంచుతున్న చప్పుడు. ఒక కోడి.

నానీమా 1996లో పోయింది. నిరుడు మామూ శాశ్వతంగా తిరిగొచ్చినప్పుడు ఆ క్యాసెట్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. టేపు మీద బూజు. ఒక ఫొటో స్టూడియో కుర్రాడు శుభ్రం చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. పదకొండు నిమిషాలు దక్కింది. మా అమ్మీకి ఇప్పుడు డెబ్బై దాటింది. అది విన్నప్పుడు ఏడవలేదు. రెండో పాటలో ఒక పంక్తి దగ్గర 'అమ్మా ఇక్కడ తప్పు పాడింది' అని చెప్పి, సరైనది పాడి వినిపించింది.

ఆ పాటలు ఏ పెట్టెలోవి? ఉర్దూనా? కాదు, దక్కనీ. మధ్యలో తెలుగు మాటలు. అత్తను, వియ్యపురాలిని, పెళ్లికొడుకు ముక్కును వెక్కిరించే పాటలు. రాసినవాడు లేడు. మన దక్కన్‌లో ఈ సిల్సిలా చాలా పాతది. బీజాపూర్ సూఫీల కాలం నుంచి చక్కీనామాలు ఉన్నాయి. పిండి విసురుతూ ఆడవాళ్లు పాడుకునే పాటల్లో అల్లాహ్ జిక్ర్‌ను, పీర్ మాటను కలిపి ఇచ్చారు. మద్రసాకు పోని స్త్రీలకు తిరుగలే మక్తబ్ అయింది. తిరుగలి పోయింది, ఆ పాటలు తెలిసిన నోళ్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి.

ఇదొక్కటే కాదు. సహెరీ వేళ డఫ్ కొట్టి మొహల్లాను లేపే ఫకీర్ల పాటలు. పీర్ల పండగలో హిందువులూ ముసల్మానులూ కలిసి తెలుగులో పాడే పాటలు. దేవుడి గుడి ముందు తరతరాలుగా నాదస్వరం ఊదిన మన విద్వాంసులు. కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా సాహెబ్ పేరు లోకానికి తెలుసు, పద్మశ్రీ వచ్చింది. ఆయనతో పాటు ఊళ్లలో ఊదినవాళ్ల మాటేమిటి? పొన్నెకల్లు షేక్ నాజర్ బుర్రకథతో తెలుగునాడును ఊపేశాడు. ఆయన పేరును ఇంగ్లిషులో ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్ని రకాలుగా రాసి వెతికితే తప్ప ఆయన ఫోన్లో దొరకడు. హైదరాబాద్ ఆకాశవాణి ఉర్దూ కార్యక్రమం 'నైరంగ్'ను రాత్రిళ్లు విన్న ఇళ్లు ఎన్నో. ఆ ఖజానా ఎప్పుడు బయటికి వస్తుంది?

స్వీడన్ కంపెనీ వచ్చి మన నానీమాల పాటలు రికార్డు చేస్తుందని ఎదురుచూడటం మూర్ఖత్వం. అది వాళ్ల ఫర్జ్ కాదు, మనది.

ఏం చేద్దాం

ఏటా రంజాన్ వస్తుంది. ఆ తర్వాత ఈద్. అందరూ ఇళ్లకు చేరతారు. మీకు తెలిసిన పెద్దమ్మలు, ఖాలాలు, దాదీలు, నానీలు ఉంటారు. ఇఫ్తార్ అయ్యాక తీరిగ్గా కూర్చోబెట్టండి. ఫోన్ ముందు పెట్టండి. అడగ్గానే పాడరు. 'నాకేం గుర్తుందిలేరా' అంటారు. ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెట్టండి, ఒకరు మరిచింది మరొకరు అందుకుంటారు. పాట అయ్యాక ఎవరు పాడారో, ఏ ఊరో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ సందర్భంలో పాడేవారో వాళ్ల నోటితోనే చెప్పించండి. గౌహర్ జాన్ చేసిన పనే ఇది. ఒక నకలు కంప్యూటర్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి వేరే ఊళ్లోని బంధువు దగ్గర దాచండి.

ఒక హద్దు మాత్రం దాటొద్దు. ఈ పాటలు ఆడవాళ్లు ఆడవాళ్ల మధ్య పాడుకున్నవి. బయటి మగవాళ్ల చెవిన పడకూడదనే చాలామంది పట్టింపు. రికార్డు చేయడం మన ఫర్జ్, లోకానికి వినిపించడం వాళ్ల ఇజాజత్. అడగండి. వద్దంటే ఇంట్లో ఉంచండి. మా నానీమాను అడిగే మౌఖా నాకు లేదు, ఆమె కొడుకు కోసం పాడింది, నా కోసం కాదు. అందుకే ఆ పదకొండు నిమిషాలను నేను ఎక్కడా ఎక్కించలేదు, ఎక్కించను. మా ఇంటి పిల్లలు వింటారు. సరే అన్నవాళ్ల పాటలైతే మాటలు రాసిపెట్టండి, అచ్చు వేద్దాం. హైదరాబాద్‌లో మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ ఉంది, అందులో దక్కన్ అధ్యయన కేంద్రం ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ ఉర్దూ అకాడమీలు ఉన్నాయి. ముషాయిరాలకు శాలువాలు కప్పడంతో పాటు ఈ పని కూడా చేయమని అడుగుదాం.

కంపెనీలను అడగవలసినవీ ఉన్నాయి. జాబితాల్లో ఉర్దూకు చోటు ఉంచండి. పాట కింద శాయర్ పేరు రాయండి. మేం విన్నదానికే మా డబ్బు చేర్చండి. ఇవేవీ ఖైరాత్ కాదు. మేం ఖరీదుదార్లం, సౌదా సరిగ్గా ఉండాలని అడుగుతున్నాం.

ఇక మనవైపు. ఫోన్లో ఖవ్వాలీ విని నెల చందా కట్టేశామని ఖవ్వాల్ రుణం తీరిందనుకోవద్దు. ఉర్సుకు వెళ్లినప్పుడు నోటు ముందుంచి రండి. సహెరీకి లేపిన ఫకీర్ ఈద్ నాడు గడప దగ్గరికి వస్తే, ఫోన్ అలారం ఉంది కదా అని ఉత్తి చేతులతో పంపొద్దు.

మా అమ్మాయి మొన్న ఆదివారం హాస్టల్‌కు తిరిగి వెళ్లింది. వెళ్లేముందు నానీమా పాటలు తన ఫోన్లో వేసుకుంది. దానికి పేరేం పెట్టాలి అని అడిగింది. 'షేక్ బీబీజాన్, కడప, 1988' అని చెప్పాను. అంతే టైప్ చేసింది. భాష దగ్గర ఏం రాయను అబ్బూ అంది. 'దక్కనీ' అని రాయించాను. ఆ ఫోన్లో ఆ మాట ఉన్న పాటలు అవి రెండే.

ఖుదా హాఫిజ్.